రెండు వందల పదకొండు పేర్లు

కిషన్ రావు ఆఫీసు మెట్లెక్కాలంటే శ్రీదివ్యకు ప్రాణం మీదికొస్తుంది. చిక్కడపల్లి సందులో మిఠాయి దుకాణం పైన రెండో అంతస్తు అది. మెట్ల మూలమూలా పాన్ ఉమ్ములే. పైకి వెళ్తే అగరుబత్తి పొగా, చల్లారిన బజ్జీల నూనె వాసనా కలిసి ముక్కుకు కొడతాయి. ఏసీ నుంచి కారే నీళ్ళకోసం పాత పెయింటు డబ్బా ఒకటి పెట్టారు. ఆ డబ్బాలో నీళ్ళు ఎవరూ పారబోయరు. అందులో దోమపిల్లలు ఈదుతుంటాయి. అశోక్‌నగర్, నారాయణగూడ, చిక్కడపల్లి ఇళ్ళకూ హాస్టళ్ళకూ ఇంటర్నెట్ అంతా ఈ గదిలోంచే పోతుందని చెప్తే కొత్తవాళ్ళు నవ్వుతారు. శ్రీదివ్యకు మాత్రం నవ్వు రాదు.

అది 2012 ఆగస్టు. మూడు రోజులుగా నెట్ నత్తనడక నడుస్తోంది. ఆ రోజు మధ్యాహ్నానికి పూర్తిగా చతికిలపడింది. శ్రీదివ్య పని కిషన్ రావుదే అయిన నారాయణగూడ బ్రాంచిలో, ఫోన్లలో తిట్లు తినడం. పని ఆయన చెయ్యిదాటినప్పుడే ఆమెను ఇక్కడికి పిలుస్తారు. ఈ గది తాళం ఆయన దగ్గరే ఉంటుంది.

కిషన్ రావు ఒకప్పుడు కేబుల్ టీవీ నడిపేవాడు. ఆ రోజుల్లో ప్రతి వైరుకూ ఒక అట్టముక్క దారంతో కట్టి, దాని మీద ఆ ఇంటి పెద్దమనిషి పేరు రాసేవాడు. ఏ వైరు ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఇంటర్నెట్‌లోకి దిగి ఆరేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. మంచివాడని పేరు. పెద్దమనిషి ఎవరైనా నోరు తెరిచి అడిగితే కాదనలేని మొహమాటం.

"పొద్దటి నుంచి ఎనిమిది సార్లు బంద్ చేసి చాలూ చేసిన బిడ్డా," అన్నాడు ఆమెను చూడగానే. "చాలూ చెయ్యంగనే అయిదు నిమిషాలు మంచిగుంటది. మల్ల అదే లొల్లి. గీ హాస్టల్ పోరగాండ్లే. పొద్దస్తమానం సినిమాలు దింపుడే పని. సదువులెక్కడివి?"

నెట్ ఎప్పుడు నెమ్మదించినా ఆయన అనేది ఇదే మాట. కారణం వెతకకుండానే దొంగను పట్టేసే మనుషులంటే శ్రీదివ్యకు ఒళ్ళు మంట.

తలుపు పక్కన స్టూలు మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు, గుప్పిట్లో పెన్ డ్రైవ్. పేరు రమ్య అని చెప్పింది. అచ్చంపేట దగ్గర ఊరు. అశోక్‌నగర్‌లో దమయంతమ్మ నడిపే లేడీస్ హాస్టల్లో ఉండి సర్కారు పరీక్షలకు చదువుతోంది. ఆ రోజే దరఖాస్తుకు ఆఖరు తేదీ. సాయంత్రం అయిదింటికి సైటు మూసేస్తారు.

"కోఠి దాక పోయినక్కా. ఎక్కడ చూసినా లైన్ గల్లీ దాక ఉన్నది. ఈ గల్లీల సెంటర్లన్ని మీ నెట్టే. ఫారం నింపుతున్న, ఫోటో ఎక్కంగనే ఆగిపోతున్నది. నాలుగు సార్లయింది."

"ఊరికే ఆఖరు రోజు దాక ఎందుకు ఆగినవ్?"

"ఆగలేదు. మూడు రోజుల సంది ఇదే పని మీదున్న." కోపంగా కాదు, అలసిపోయి అంది. "వచ్చే సారికి నా వయసు దాటిపోతదక్కా."

గోడ గడియారం నాలుగు దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది. శ్రీదివ్య ఇంకేమీ అడగలేదు. అడిగినందుకే సిగ్గేసింది.

ఆమె తన ల్యాప్‌టాప్‌కు వైరు తగిలించి, ఇళ్ళన్నిటికీ నెట్ పంపించే రౌటర్ పెట్టె లోపలికి వెళ్ళింది. ప్రాసెసర్ ఎంత పనిలో ఉందని అడిగితే తొంభై తొమ్మిది శాతమని వచ్చింది. మళ్ళీ అడిగినా తొంభై తొమ్మిదే. పెట్టె మీద చెయ్యి పెట్టి చూసింది. దుమ్ము మందంగా అంటుకుంది గాని ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. చున్నీకి చెయ్యి తుడుచుకుని, లోపలికీ బయటికీ ఎంత సరుకు పోతోందో చూసింది. లైను మోయగలిగిన దాంట్లో సగం కూడా లేదు.

"సినిమాలెవరూ దింపుతలేరు అంకుల్. లైను సగం ఖాళీగున్నది."

"అయితే ఎందుకు ఆగుతది?"

"అదే చూస్తున్న."

వైరస్ పట్టిన కంప్యూటరేదైనా చెత్త కుమ్మరిస్తోందేమో చూసింది. లేదు. ఎవరైనా వైరును తిప్పి మళ్ళీ అదే స్విచ్ పెట్టెలో గుచ్చారేమో చూసింది. అదీ లేదు. చివరికి ఏ పని ఎంత తింటోందో వరసపెట్టి చూసింది. మొదటి పేరు చూడగానే అర్థమైంది. మామూలుగా అయితే రౌటర్, పాసు చూపించగానే తలూపి పంపించే బస్సు కండక్టర్ లాంటిది. ఆగదు, ఆలోచించదు. ఇక్కడ మాత్రం ఎక్కిన ప్రతివాడినీ ఆపి, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎన్ని గంటలకు అని పుస్తకంలో రాసుకుంటోంది. అలా రాసుకొమ్మని దానికి ఎవరో చెప్పి ఉండాలి.

రౌటర్‌కు ఇచ్చిన నిబంధనల జాబితా తెరిచింది. ఇరవై వరుసలుంటాయనుకుంది. తెర నిండి, మళ్ళీ నిండి, మళ్ళీ నిండింది. మొత్తం రెండు వందల పదకొండు. ప్రతి వరుస చివరా 'లాగ్' అనే మాట ఉంది. పంపించు, కానీ రాసిపెట్టు అని దాని అర్థం. ప్రతి వరుస పైనా, అట్టముక్క కట్టినట్టుగా, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పేరు.

దమయంతమ్మ హాస్టల్, రెండో అంతస్తు ఆడపిల్లలు. లక్ష్మయ్య సార్, చిన్న కొడుకు. తిమ్మమ్మ గారు, కోడలు. దక్షిణామూర్తి సార్, కిరాయికున్న పోరగాండ్లు. మనోరమ మేడమ్, భర్త.

పెళ్ళి పిలుపుల పట్టీలా ఉంది. ఎవరు అడిగారు, ఎవరి మీద అడిగారు, రెండూ శ్రద్ధగా రాసి ఉన్నాయి. పేజీ కిందికి జరుపుతూ పోయింది. నూట నలభై మూడో వరుస దగ్గర ఆగిపోయింది.

జగదీశ్వర్ సాబ్, బిడ్డ.

చిక్కడపల్లిలో జగదీశ్వర్‌లు చాలామంది ఉండొచ్చు. కానీ దాని కిందనున్న నంబరు ఆమె తన చేత్తో తన ఇంటికి వేసుకున్న నంబరు. జగదీశ్వర్ ఆమె తండ్రి. బిడ్డ ఆమే.

ఆ పొద్దున ఉప్మా తింటూ నాన్న అన్న మాట గుర్తొచ్చింది. "బెంగుళూరు నీళ్ళు మనోళ్ళకు పడయి," అన్నాడు, ఎవరితోనూ కాకుండా, పేపర్ చూస్తూ. బెంగుళూరు కంపెనీకి దరఖాస్తు పెట్టినట్టు ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాన్నకు మనసు చదవడం వచ్చని ఆ పొద్దున కొంచెం ముద్దుగా కూడా అనుకుంది. ఇప్పుడా ముద్దు తలుచుకుంటే నాలుక మీద చేదు.

"ఇదేంది అంకుల్?" అంది తెర వైపు చూపిస్తూ.

కిషన్ రావు వంగి చూశాడు. దాచుకున్నది బయటపడ్డ ముఖం కాదు ఆయనది. సొంత పనితనం చూపించే ముఖం. "అవి మనోళ్ళ రిక్వెస్టులు. పేర్లు రాసి పెట్టిన, గందరగోళం కాకుండ."

"రోజూ రాసిందంత ఏం చేస్తరు?"

"ప్రింట్ తీసి ఎవరిది వాళ్ళకిస్త. సాయంత్రం స్కూటర్ మీద నేనే తిరుగుత."

సాయంత్రాలు. ఇంటి గేటు దగ్గర స్కూటర్ ఆపి, నాన్నతో పది నిమిషాలు మాట్లాడి పోయే కిషన్ రావు. "అంకుల్ వచ్చిండు, చాయ పెట్టు బిడ్డా," అనే నాన్న. ఏలకులు దంచి వేసి, ట్రేలో పెట్టుకుని, తన మీద రాసిన కాగితం తెచ్చిన మనిషికి నవ్వుతూ చాయ ఇచ్చింది తనే. ఎన్నిసార్లు? నెల? రెండు నెలలు?

"మా నాన్న అడిగిండా?"

"హోటల్ల చాయ తాగుకుంట అడిగిండు. బిడ్డ ఎప్పుడు చూసినా కంప్యూటర్ ముంగట కూసుంటున్నది, జర చూడు కిషన్ రావు అన్నడు. ఆడపిల్ల తండ్రి, నేనెట్ల కాదంట?"

"నాకు ఇరవై ఏడేండ్లు."

"అయితేంది? తండ్రికి బిడ్డ బిడ్డనే." ఆయన గొంతు నొచ్చుకున్నట్టుగా మారింది. "ఎవరి దగ్గర ఒక్క పైస తీసుకోలే దివ్యా. మంచితనానికి చేసిన."

పైసలు తీసుకుని ఉంటే కనీసం దొంగపని అని తెలిసి చేసేవాడు. మంచితనం పేరుతో ఇంటింటికీ పంచాడే, అదే శ్రీదివ్యకు మరీ రోత పుట్టించింది.

"మీకు ఇట్ల రాయుడు ఎవరు నేర్పిన్రు?" అని గట్టిగానే అడిగింది. ఆయన గోడ వైపు చూశాడు.

దేవుడి పటం కింద ఒక కాగితం వేలాడుతోంది. ల్యామినేషన్ చేయించి, నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టారు. తొమ్మిది మెట్లుగా రాసిన పద్ధతి. మొదటిది పాస్‌వర్డ్ కొట్టడం, తొమ్మిదోది చేసిన మార్పును భద్రపరచడం. రాత శ్రీదివ్యదే.

అది 2009లో. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్త. దమయంతమ్మ హాస్టల్లోని కంప్యూటర్ నుంచి ఎవడో ఒక పిల్లకు పచ్చి బూతులు రాసి పంపుతున్నాడు. వాడెవడో పట్టుకోవడానికి శ్రీదివ్య ఒక్క వరుస వేసింది. నంబర్లను సైట్ల పేర్లుగా మార్చే చిన్న ప్రోగ్రాము కూడా రాసింది. నాలుగు రోజుల్లో దొరికాడు. హాస్టల్ వంటమనిషి తమ్ముడు. అందరూ ఆమెను మెచ్చుకున్నారు. "జర నాక్కూడ రాసియ్యి బిడ్డా, మల్ల అవసరం పడితే," అని కిషన్ రావు అడిగితే, మురిసిపోయి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చింది. తర్వాత ఆ వరుస తీసెయ్యడం మర్చిపోయింది. మూడేళ్ళు.

నూట నలభై మూడో వరుస ఇంకా తెర మీదే ఉంది. ఆమె చెయ్యి తనంతట తానే కదిలి ఆ ఒక్క వరుసను తీసే మాట కొట్టడం మొదలుపెట్టింది. సగం కొట్టాక చూసుకుంది. స్టూలు మీద రమ్య గడియారం వైపు తలెత్తి చూసి, మళ్ళీ ఫైలు వైపు దించుకుంది. నాలుగూ ఇరవై రెండు. ఒక్క వరుస తీస్తే ప్రాసెసర్‌కు వీసమెత్తు తేడా ఉండదు. అయినా మొదట తన పేరే తీసుకోబోయింది. మిగిలిన రెండు వందల పది వరుసల్లోని మనుషులు ఆ క్షణాన ఆమెకు గుర్తు రాలేదు. తన మీద తనకే చీదర పుట్టి, కొట్టింది చెరిపేసింది.

"మొత్తం తీస్తున్న అంకుల్."

"ఏయ్, ఆగు ఆగు." కిషన్ రావు కుర్చీలోంచి లేచాడు. "వాళ్ళంత పెద్దమనుషులు. నా మీద నమ్మకం పెట్టుకున్నరు. రేపు దమయంతమ్మ అడిగితే ఏం చెప్పాలె? హాస్టల్ కనెక్షన్లన్ని వేరేటోని దగ్గరికి పోతయి. ఎట్లన్న చేసి ఇంకోటి సదురు, అవి ముట్టకు."

"ఇంకోటి లేదు. ప్రాసెసర్‌ను తింటున్నవి ఇవే. నెల నెలా పెంచుకుంట పోయిన్రు, అది మొయ్యలేక పడిపోయింది. పోరగాండ్లను తిట్టిన్రు."

"అవి తీస్తే రేపటి నుంచి నీకు నా దగ్గర పని లేదు. చెప్తున్న."

ఆ మాట అంటుంటే కూడా ఆయనకు మొహమాటమే. ఆమె ముఖం చూడకుండా పెయింటు డబ్బా వైపు చూస్తూ అన్నాడు. శ్రీదివ్యకు భయం వేసింది. బెంగుళూరు నుంచి ఇంకా ఇంటర్వ్యూకు పిలుపే గాని ఉద్యోగం రాలేదు. అదీ ఇదీ రెండూ పోవచ్చు. అయినా ఆ జాబితాను మళ్ళీ ఒకసారి చూస్తే భయం కంటే అసహ్యమే ఎక్కువగా ఉంది.

జాబితా మొత్తాన్ని పక్కకు నెట్టడానికి ఒక్క వరుస చాలు. కొట్టింది. ఎంటర్ నొక్కింది. తొంభై తొమ్మిది. మళ్ళీ అడిగింది. డెబ్బయి ఒకటి. ముప్పయి. పన్నెండు. ఆ తర్వాత జాబితానే చెరిపేసి, భద్రపరిచి, పాస్‌వర్డ్ మార్చి, కొత్తది కాగితం ముక్క మీద రాసి కిషన్ రావు ముందు పెట్టింది. ఆయన ఆఫీసు ఆయనది. కానీ మళ్ళీ మొదలుపెట్టాలంటే ఈసారి తన రాత చూసి చెయ్యకూడదు.

గోడ మీది కాగితం పీకి చింపబోయింది. ల్యామినేషన్ చింపితే చిరగదు. రెండు చేతులతో లాగింది, వేళ్ళు నొప్పి పుట్టాయి గాని అది వంగి మళ్ళీ తిన్నగా అయింది. చివరికి వైర్లు కత్తిరించే కట్టర్ తీసుకుని ముక్కలు ముక్కలు చేసి, ఆ దోమల డబ్బాలో పడేసింది.

"రా రమ్యా, కూసో. ఇక్కడి నుంచే పంపు."

రమ్య ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుంది. ఫోటో ఎక్కింది. సంతకం ఎక్కింది. నాలుగూ నలభై ఆరుకు దరఖాస్తు అందిందని నంబరు వచ్చింది. ఆ పిల్ల కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. శ్రీదివ్యకు కూడా ఆ రోజు మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది.

"ప్రింట్ తీసుకో. హాల్ టికెట్‌కు కావాలె."

ప్రింటర్ గరగరమని కాగితం ఒకటి వదిలింది. రమ్య దాన్ని కళ్ళకద్దుకుంది. మడవబోతూ వెనక్కి తిప్పింది. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది.

కిషన్ రావు పొదుపరి. ఒక వైపు వాడిన కాగితాలను మళ్ళీ ప్రింటర్లో పెడతాడు. పంచగా మిగిలిన నకళ్ళు అవి. రమ్య రసీదు వెనకాల దమయంతమ్మ హాస్టల్ ఉంది. రూం పద్నాలుగు. నెల కిందటి తారీఖు. పొద్దున ఆరూ ఇరవై, పాత ప్రశ్నపత్రాల సైటు. తొమ్మిదింటికి ఆడవాళ్ళ వైద్యం సైటు. తొమ్మిదిన్నరకు మళ్ళీ అదే.

"ఇది మా రూం," అంది రమ్య నెమ్మదిగా. "నెలసరి సరిగ వస్తలేదని చూసిన. దమయంతమ్మ టిఫిన్ల కాడ అందరి ముంగట అడిగింది. పెండ్లి గాక ముందే గీ డాక్టర్ ముచ్చట్లేందే అని. అందరు నవ్విన్రు." ఆమె కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. "మా రూం పిల్లనే చెప్పిందనుకున్న. నెల రోజుల సంది దాంతోని మాట్లాడుతలేను. అది ఏడ్చుకుంట ఒట్టేసింది. నేను నమ్మలే."

కాగితాన్ని ఇద్దరికీ కనబడేలా ముందుకు పట్టింది.

"ఎవరు రాసిన్రు ఇదంత?"

కిషన్ రావు ఫోను తీసుకుని ఏదో వెతుకుతున్నట్టు తల వంచాడు. ఆయన పేరు చెప్పేస్తే సరిపోతుంది, అబద్ధం కూడా కాదు. శ్రీదివ్య ఒక్క క్షణం ఆ మాటను నోట్లోనే ఉంచుకుంది.

"మొదటి లైన్ నేనే రాసిన. ఎట్ల రాయాల్నో నేనే నేర్పిన," అంది.

రమ్య తలెత్తి చూసింది. మధ్యాహ్నం నుంచి శ్రీదివ్య ఈ గదినీ, మెట్లనీ, కిషన్ రావునీ ఏ చూపు చూసిందో సరిగ్గా ఆ చూపు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

"కొత్త కాగితం మీద తీసిస్త, ఇయ్యి."

"వద్దు. ఇదే ఉండనియ్యి. దమయంతమ్మకు చూపించాలె." రమ్య కాగితాన్ని ఫైల్లో పెట్టుకుంది. "దానికంటె ముందు మా రూం పిల్లకు చూపించాలె." థాంక్స్ చెప్పలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయింది. చెప్పనందుకు శ్రీదివ్య నొచ్చుకోలేదు, చెప్పి ఉంటే మాత్రం తట్టుకోలేకపోయేది.

ఆ సాయంత్రం పంచడానికి తీసిన ప్రింట్ల కట్ట బల్ల మీద ఉంది. అందులో తన ఇంటి పేరున్న కాగితం వెతికి తీసుకుని, మిగతావి అన్నీ చింపి బుట్టలో వేసింది. అప్పటికే కిషన్ రావు ఫోను మోగడం మొదలైంది. నెట్ బాగైందని చెప్పడానికి కాదు. "ఆఁ, తిమ్మమ్మ గారూ, ఇయ్యాల జర లేటయితది," అంటున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి జగదీశ్వర్ వరండాలో కుర్చీ వేసుకుని గేటు వైపు చూస్తున్నాడు. రిటైరయ్యాక ఆయన సాయంత్రాలన్నీ ఆ కుర్చీలోనే. కూతురిని చూసి, ఆమె వెనక సందులోకి చూశాడు.

"నెట్ బాగయిందా బిడ్డా? కిషన్ రావు రాలేదేంది ఇంక?"

"రాడు నాన్నా. ఇయ్యాల్టిది నేనే తెచ్చిన."

సంచిలోంచి కాగితం తీసి, ఆయన పక్కనున్న చాయ కప్పు కింద పెట్టింది. జగదీశ్వర్ దాని వైపు చూడనే లేదు. ఏమిటో చూడకుండానే ఆయనకు తెలిసిపోయింది. చూపు మొదట వంటింటి వైపు పోయింది, భార్య విద్యావతి విన్నదేమోనని. ఆయనకున్న సిగ్గంతా అంతే.

"నీ మంచికే కద బిడ్డా," అన్నాడు గొంతు తగ్గించి.

ఇరవై ఏడేళ్ళుగా ఆ గొంతంటే శ్రీదివ్యకు ప్రేమ. ఇప్పుడూ ఉంది. అదే ఆమెకు భరించరానిదైంది. వంటింట్లో వినపడేంత గట్టిగానే చెప్పింది.

"శనివారం బెంగుళూరుల ఇంటర్వ్యూ ఉన్నది. పొద్దున ఫోన్ చేసి వస్తనని చెప్పిన, అందుకే అది ఆ కాగితంల లేదు. నువ్వు అడిగితే నేనే చెప్తుంటి నాన్నా."